ఎకరం పావులో నూట ఎనభై ఆరు రకాలు

మార్టూరు నుంచి అద్దంకి పోయే దారిలో, రాళ్ళు కోసే మిషన్ల రొద వెనకబడి నల్లరేగడి మొదలయ్యే చోట, బుడాన్‌ని ఎరగని మిరప రైతు లేడు. మందు కొట్టే బుడాన్ అంటే చాలు, ఆ రోజు ఏ చేలో ఉన్నాడో కూడా చెప్పేవాళ్ళు. పొట్టి మనిషి. వీపున ఇరవై లీటర్ల ట్యాంకు, మొహానికి తడిపి చుట్టిన తువ్వాలు, పైన రెండు కళ్ళు మాత్రం కనిపించేవి. ఆ కళ్ళు ఎప్పుడూ నవ్వుతున్నట్టే ఉండేవి కాబట్టి ఎవరూ ఆయన్ని ఇంకెవరో అనుకుని పొరబడలేదు.

తాత, తండ్రి దూదేకారు. ఊళ్ళల్లోకి కొన్న పరుపులు వచ్చి పడ్డాక దూది ఏకే బద్ద అటక ఎక్కింది. బుడాన్ పత్తి చేలల్లో మందు కొట్టడానికి కుదిరి, అక్కణ్ణుంచి మిరపకు మారాడు. "మేం పత్తిని వదల్లేదు, అదే మమ్మల్ని బయట నిలబెట్టింది" అనేవాడు. సొంతానికి రోడ్డు వారగా ఎకరం పావు చేను ఉంది గాని, దాని సంగతంతా భార్య జైతున్‌బీ చూసుకునేది. ఊరందరి చేలూ తిరిగే మనిషికి తన చేను చూసుకునే తీరిక ఎక్కడిది?

ఆయనకొక అలవాటు ఉండేది. మిగతావాళ్ళు చేలోకి దిగీ దిగగానే మిషను ఆన్ చేసేవాళ్ళు. బుడాన్ మాత్రం ట్యాంకు గట్టు మీద దించి, చేతులు వెనక్కి కట్టుకుని, చేను ఈ కొస నుంచి ఆ కొసకి ఒకసారి నడిచేవాడు. ఆకు తిప్పి చూసేవాడు, పువ్వు విదిలించి చూసేవాడు. గట్టు మీద రైతు "ఏరా బుడానూ, పెళ్ళిచూపులా" అని కేకేసినా తొందరపడేవాడు కాదు. ఒక్కోసారి తిరిగొచ్చి, "ఈ వారం అక్కర్లేదన్నా, అక్షింతల పురుగులు బాగా ఉన్నయ్, పేనుబంకని అవే తినేస్తాయి" అని ట్యాంకు భుజానికెత్తుకుని ఇంటికొచ్చేవాడు. పని మానుకుని వచ్చిన మొగుణ్ణి జైతున్‌బీ ఏమీ అనేది కాదు. ఆయన చేతికి గొడ్డలిచ్చి కట్టెలు కొట్టమనేది.

కూతురు సఫూరా ఒంగోల్లో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరు. నల్ల తామర పురుగు వచ్చి మిరప పూతంతా రాలగొట్టిన ఏడు, తండ్రి రోజూ ఫోన్ చేసి ఈ పురుగేంటి, ఆ పురుగేంటి అని అడుగుతుంటే విసుగెత్తి, తన పాత ఫోన్లో ఒక యాప్ వేసి ఇచ్చింది. ఫోటో పెడితే ఎక్కడెక్కడి వాళ్ళో చూసి పేరు చెబుతారు. ఆ ఫోటోలు ఎవరైనా చూడొచ్చు, చదువుకునేవాళ్ళు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు అని కూడా చెప్పింది. ఆ రెండో మాట బుడాన్ చెవికెక్కలేదు. పేరు తెలుస్తుందన్న మాట ఒక్కటే పట్టుకున్నాడు.

అప్పట్నుంచి చేను నడిచేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకోవడం పోయి ఫోన్ పట్టుకోవడం వచ్చింది. ముందు ఫోటో, తర్వాత మందు. కందిరీగలు, సాలీళ్ళు, గొల్లభామలు, వెండి చుక్కల పెంకు పురుగు ఒకటి, అద్దం ముక్కల్లాంటి రెక్కల పురుగు ఇంకొకటి. రాత్రి అన్నాల దగ్గర భార్యకు చూపించేవాడు.

"చంపేముందు ఫోటో తీసేవాణ్ణి నిన్నే చూశానయ్యా" అనేది జైతున్‌బీ.

మొదటి వారంలోనే ఒక చిక్కు వచ్చింది. ఫోటో పెట్టాక యాప్ మ్యాపు చూపించి, ఎక్కడ చూశారో అక్కడ చుక్క పెడుతోంది. బుడాన్ వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. ఆ రోజు ఫోటో తీసిన యలమంద చేలో బోరు షెడ్డు, దాని మీద ఎర్ర రేకు, పక్కన సగం కూలిన నీళ్ళతొట్టితో సహా కనిపిస్తున్నాయి. యలమంద చేలో లద్దె పురుగు పడిందని ప్రపంచమంతా చూస్తుందన్నమాట.

ఇక్కడొక పాత సంగతి చెప్పాలి. మందు కొట్టే మనిషి డాక్టరు లాంటివాడు. పది చేలు తిరుగుతాడు, పదిమంది గుట్టు తెలుస్తుంది. ఫలానా చేలో తెగులు ఉందని మాట పొక్కితే, కాయ బేరానికి వచ్చే వ్యాపారి వెనక్కి తిరుగుతాడు, పక్క చేలవాళ్ళు తగువుకొస్తారు. బుడాన్ పనికి కొత్తగా వచ్చిన రోజుల్లో, వాగు పక్క చేనున్న బుల్లయ్య మిరపకు బొబ్బర తెగులు తగిలిందని టీ కొట్టు దగ్గర నోరు జారాడు. ఆ సాయంత్రానికల్లా మాట మార్టూరు చేరింది. బుల్లయ్య రెండేళ్ళు ఆయనతో మాట్లాడలేదు. మూడో ఏడు తనే కబురు పెట్టాడు, అంత ఓపిగ్గా చేను నడిచేవాడు ఇంకొకడు దొరక్క. కానీ ఆ మాట ఎత్తనూ లేదు, మర్చిపోనూ లేదు. అప్పట్నుంచి బుడాన్ ఎవరి చేలో ఏం చూసినా చెప్పింది లేదు. భార్యతో కూడా చెప్పేవాడు కాదు.

అందుకని ఆ రోజు, చుక్క మీద వేలు పెట్టి మెల్లగా జరిపాడు. బోరు షెడ్డు దాటించి, కాలువ దాటించి, రోడ్డు వార తన ఎకరం పావులో పెట్టాడు. తన చేనుకి ఏ పేరొచ్చినా ఎవరికీ నష్టం లేదు. మూడేళ్ళలో పెట్టిన పంతొమ్మిది వందల ఫోటోలకూ అదే చేశాడు. అది ఊరి మర్యాద అనుకున్నాడు తప్ప, దాన్ని అబద్ధం అంటారని ఆయనకు తట్టనే లేదు.

నాలుగో ఏడు, మిరప కోతలు జోరుగా సాగుతుండగా, సఫూరా ఫోన్ చేసి, ఎవరో పరిశోధన చేసే అమ్మాయి నీ చేను చూడ్డానికి వస్తోంది నాన్నా అని చెప్పింది. పేరు జ్యోతిర్మయి. వ్యవసాయ కళాశాలలో పై చదువు. పొద్దున తొమ్మిదింటికల్లా టోపీ, భుజాన సంచితో ఆటో దిగింది. మంచినీళ్ళు కూడా తాగకుండా ముందు చేను చూడాలంది. ఊళ్ళో ఏ కల్లంలో చూసినా ఎర్రగా కాయలు ఎండుతున్నాయి. ఆ ఘాటుకి అడుగడుక్కీ తుమ్ముతూనే నడిచింది.

బుడాన్ చేనంతా తిప్పి చూపించాడు. ఇటు ఆరు సాళ్ళు పచ్చగా, అటు ఆరు సాళ్ళు వడిలిపోయి, వారగా జైతున్‌బీ వేసిన బెండ, గట్టు మీద కట్టేసిన గేదె. జ్యోతిర్మయి గంటసేపు మోకాళ్ళ మీద తిరిగి తిరిగి చూసింది. కాస్త పేనుబంక కనిపించింది. రెండు అక్షింతల పురుగులు కనిపించాయి. గేదె ఆమె టోపీ లాగేసింది.

"బుడాన్ గారూ, ఈ చేలో నూట ఎనభై ఆరు రకాల పురుగులు ఉన్నాయి కదండీ" అంది.

"అన్నెక్కడివమ్మా? ఎవరు చెప్పారు?"

"మీరే చెప్పారండి."

ఫోన్ తీసి చూపించింది. మ్యాపులో ఆ ఎకరం పావు కనిపించడం లేదు. చుక్కల మీద చుక్కలు పడి, ఈగలు ముసిరిన బెల్లం ముక్కలా నల్లగా ఉంది. జిల్లా మొత్తంలో ఏ మిరప చేలోనూ అరవై రకాలు దాటలేదట. ఇక్కడ నూట ఎనభై ఆరు. తక్కువ మందు కొట్టిన చేలో ఎంత జీవం ఉంటుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదని వాళ్ళ ప్రొఫెసరు ఎగిరి గంతేశాడట. రెండేళ్ళుగా ఆమె రాస్తున్నదంతా ఈ చేను మీదే నిలబడింది. జనం ఇలా బహిరంగంగా పెట్టిన జీవుల వివరాలతో మంచి పరిశోధన చేసే విద్యార్థులకు దేశం మొత్తం మీద ఏటా ఒక గుర్తింపు ఇస్తారు. దానికి పంపడానికి ఇంకా ఎనిమిది రోజులు ఉంది. పంపేముందు ఆ అద్భుతమైన చేనుని ఒకసారి కళ్ళారా చూడాలని వచ్చింది.

బుడాన్ తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. దాచడం ఆయనకు రాదని కాదు, ఇరవై రెండేళ్ళుగా దాస్తూనే ఉన్నాడు. కానీ ఆ పిల్ల మోకాళ్ళకు అంటిన నల్లమట్టి చూస్తూ ఇంకొక్క మాట దాచలేకపోయాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అవన్నీ ఈ ఊళ్ళోవేనమ్మా, కాకపోతే పదిహేడు చేలవి, నేనే ఇక్కడికి జరిపాను అన్నాడు.

జ్యోతిర్మయి గట్టు మీద కూలబడింది. తిడుతుందేమోనని బుడాన్ నిలబడే ఉన్నాడు. తిట్టలేదు. సీసా తీసి నీళ్ళు తాగి, "తప్పు నాదేనండి. రాసేముందే వచ్చి చూసుకోవాల్సింది" అంది. ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

ఇంటికొచ్చాక జైతున్‌బీ ఇద్దరికీ అన్నం పెట్టింది. పప్పు, గోంగూర పచ్చడి, కొత్త కారంతో వంకాయ. ఇద్దరూ సరిగ్గా తినకుండా కంచాల్లోకి చూస్తుంటే ఆమెకు ఒళ్ళు మండింది. ఏం జరిగిందో చెప్పించుకుని, కాసేపు ఆలోచించి, "ఆ ఫోటోల మీద తారీఖు ఉంటుందా అమ్మాయ్?" అని అడిగింది.

తారీఖు, గంట, నిమిషంతో సహా ఉంటుందని చెప్పింది జ్యోతిర్మయి.

జైతున్‌బీ చెయ్యి కడుక్కుని ట్రంకు పెట్టె తెరిచింది. మొగుడు చేలల్లో ఉంటే మందు కొట్టమని ఫోన్లు ఇంటికే వచ్చేవి. ఎవరికి ఏ రోజు వీలవుతుందో చెప్పి, గోడ క్యాలెండరులో ఆ గడిలో వాళ్ళ పేరు రాసుకునేది ఆమే. వయోజన విద్యలో నేర్చుకున్న వంకర అక్షరాలు: యల, దుర్గ, బుల్ల. రెండు చేలు పడిన రోజున పొద్దుటిది పైన, సాయంత్రానిది కింద. ఏడాది అయిపోయాక క్యాలెండరు పారెయ్యడానికి మనసొప్పక, పెట్టెలో బట్టల కింద పరిచేది. చీరలన్నీ మంచం మీదికి చేరాయి. వాటి అడుగు నుంచి మూడు క్యాలెండర్లు, కర్పూరం వాసనతో, కలరా ఉండల గుర్తులతో బయటికొచ్చాయి.

జ్యోతిర్మయి ఒక ఫోటో తారీఖు చదివింది. జైతున్‌బీ గడి మీద వేలు పెట్టింది. "లక్ష్మీదుర్గ. పొద్దున." బుడాన్ ఫోటో చూసి, "అవును, అది దుర్గమ్మ చేనే. ఆ డ్రిప్పు పైపుకి చీర పీలిక కట్టింది చూడండి" అన్నాడు. ఇంకొకటి చదివింది. మళ్ళీ వేలు. సాయంత్రమయ్యేసరికి జ్యోతిర్మయి పచ్చడి రెండోసారి వేయించుకుంది.

అయితే బుడాన్ మధ్యలో ఆపాడు. ఏ ఫోటో ఏ చేలోదో తేలింది సరే, ఆ రైతుల్ని అడక్కుండా చుక్కలు జరపడానికి తానెవరు? అడుగుదాం అంది జ్యోతిర్మయి. వాళ్ళు కాదంటే? కాదంటే ఆ చేను వదిలేస్తాను అంది. ఎన్ని వదిలేసినా తన పని నిలబడుతుందో ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు.

మర్నాడు మొదట యలమంద కల్లానికి వెళ్ళారు. యలమంద పెద్ద రైతు. పురుగు మాట ఎత్తగానే చుట్టూ చూశాడు. బుడాన్ మొత్తం చెప్పాడు. యలమంద కాయలు తిరగేస్తున్న చెక్కపార పక్కన పెట్టాడు.

"నా చేలో ఎన్ని రకాలున్నాయిరా?"

"ఇరవై నాలుగు అన్నా."

"పక్కన వెంకాయమ్మ చేలో?"

బుడాన్ కల్లంలోంచి జారిన ఒక కాయను లోపలికి నెట్టాడు. యలమంద ఆ అమ్మాయి వైపు తిరిగాడు. ఆమెకు ఈ ఊరి కట్టుబాటు తెలియదు. ముప్ఫై ఒకటి అని చెప్పేసింది.

"దాని చేలో ముప్ఫై ఒకటి, నా చేలో ఇరవై నాలుగా? సరిగ్గా చూడలేదురా నువ్వు. రేపొచ్చి మళ్ళీ చూడు" అన్నాడు యలమంద.

అంతే. మధ్యాహ్నానికల్లా మాట ఊరంతా తిరిగింది. మూడేళ్ళు బుడాన్ ఎవరికీ తెలియకూడదని దాచిన సంగతిని రైతులే ఆయన్ని ఆపి మరీ అడగసాగారు. వెంకాయమ్మ తన ముప్ఫై ఒకటీ కాగితం మీద రాసివ్వమంది. లక్ష్మీదుర్గ తన చేలో తీసిన నీలిరంగు సీతాకోకచిలుక ఫోటో వాట్సాప్‌లో పెట్టించుకుని, మొగుడి ఫోటో తీసేసి దాన్ని పెట్టింది. ఒకాయన మాత్రం, పురుగులు తక్కువుంటే మంచిదా, ఎక్కువుంటే మంచిదా అని అడిగి, తినేవాటిని తినేవి ఎక్కువుంటే మంచిదని జ్యోతిర్మయి చెబితే, తల గోక్కుని ఒప్పుకున్నాడు. అయిదో రోజుకి పదహారు చేలూ సరేనన్నాయి.

మిగిలింది బుల్లయ్య.

లెక్క చూస్తే విషయం అంతా ఆయన దగ్గరే ఉంది. మిగతావాళ్ళు ఏడాదికి పదిహేను ఇరవై సార్లు మందు కొట్టిస్తే, బుల్లయ్య మూడుసార్లే కొట్టించేవాడు. అంటే బుడాన్ ఆ చేలో నడిచిందీ మూడుసార్లే. అయినా వాగు వారనున్న ఆ రెండెకరాల్లోనే డెబ్భై ఒక్క రకాలు. ఏడాదికి ఇరవై సార్లు నడిచిన చేలో ముప్ఫై ఒకటి దాటనివి, మూడుసార్లు నడిచిన చేలో డెబ్భై. ఒకే మనిషి, ఒకే రకంగా నడిచి, పదిహేడు చేలు చూశాడు. తప్పుడు అద్భుతం పోతే పోయింది, దీని ముందు అదెంత అంది జ్యోతిర్మయి. కానీ బుల్లయ్య చేను లేకపోతే చెప్పడానికి ఏమీ ఉండదు.

నేనొక్కణ్ణే వెళ్తానమ్మా అన్నాడు బుడాన్.

సాయంత్రం బుల్లయ్య కల్లంలో రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్నాడు. డెబ్భై దాటిన మనిషి, గోచీ బిగించి, ఎండు కాయల మధ్య మడమల మీద కూర్చుని ఉన్నాడు. బుడాన్ కూడా ఎదురుగా కూర్చుని, అడక్కుండానే తాలు ఏరసాగాడు. ఒక గంప నిండింది.

"ఊరంతా తిరిగావంటగా" అన్నాడు బుల్లయ్య.

"తిరిగాను బాబాయ్."

"నా దగ్గరికి ఆఖర్న వచ్చావు."

"భయపడి."

బుల్లయ్య చేతిలో కాయ విరిచి, గింజలు చూసి, పక్కన పడేశాడు. "అప్పుడు అడక్కుండా చెప్పావు. ఇప్పుడు చెప్పటానికి అడగటానికొచ్చావు. ఇరవై రెండేళ్ళు పట్టిందిరా నీకు."

బుడాన్ తల దించుకున్నాడు. "తప్పయింది బాబాయ్" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ మాట అనడం అదే మొదటిసారి. అనాలని తెలియక కాదు, ఎప్పుడనాలో తెలియక.

"ఇంతకీ ఎన్నంట నా చేలో?"

"డెబ్భై ఒకటి."

"యలమందకి?"

బుడాన్ అలవాటుగా నోరు మూసుకున్నాడు. తర్వాత, యలమందే ఊరంతా చెప్పుకున్నాడు కదా అని గుర్తొచ్చి, "ఇరవై నాలుగు" అన్నాడు.

బుల్లయ్య నవ్వలేదు గాని, లేచి నిలబడి గోచీ సవరించుకున్న తీరులో ఆ నవ్వంతా ఉంది. రాసుకోమను అన్నాడు. కాకపోతే ఇంటిపేరుతో సహా, తాళ్ళూరి బుల్లయ్య అని రాయాలన్నాడు. అందులో పేర్లు ఉండవు, మ్యాపు మీద చుక్క మాత్రమే ఉంటుందని బుడాన్ చెప్పాడు.

"చుక్కేనా?" అన్నాడు బుల్లయ్య, ఆ కబురంతటిలో అదొక్కటే నచ్చనట్టు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం, మార్టూరులో నెట్టు సెంటరు భోజనానికి మూసే టైముకి ముందు, జ్యోతిర్మయి తన కాగితాలు పంపింది. మొదట చుక్కలన్నీ ఒకచోట ఎందుకున్నాయో, వాటిని ఎవరు ఎలా సరిచేశారో కూడా దాచకుండా రాసింది. అది చదివి కొట్టేస్తారేమోనని ప్రొఫెసరు భయపడ్డాడట. ఎండలు ముదిరాక ఫోన్ వచ్చింది. ఆ ఏడు గుర్తింపు పొందిన ముగ్గురిలో ఆమె ఒకతె. చుక్కలు జరిపిన కథే వాళ్ళకు అన్నిటికన్నా నచ్చిందట. ఆమె ఏడుస్తూ చెబుతుంటే, బుడాన్‌కి వచ్చిందో రాలేదో అర్థం కాక, "పోన్లేమ్మా, వచ్చే ఏడు చూద్దాం" అని ఓదార్చాడు.

ప్రశంసాపత్రం అందుకున్నాక, మిఠాయి పొట్లంతో ఊరికి వచ్చింది. అచ్చయిన వ్యాసం చివర కృతజ్ఞతలు చదివి వినిపించింది. మొదటి పేరు బుడాన్‌ది. రెండోది జైతున్‌బీ, మూడు క్యాలెండర్లకు. తర్వాత పదిహేడుగురు రైతులు, అందులో ఇంటిపేరుతో ఉన్నది తాళ్ళూరి బుల్లయ్య ఒక్కడే. ఆ పేజీకి ప్లాస్టిక్ తొడుగు వేయించి, బుల్లయ్య చాలాకాలం స్కూటరు డిక్కీలో పెట్టుకు తిరిగాడు. లైసెన్సు అడిగిన పోలీసుకి కూడా అదే చూపించాడని యలమంద అంటాడు, అది నిజం కాకపోవచ్చు.

ఆ రోజే జ్యోతిర్మయి ఇంకో సంగతి చెప్పింది. చుక్కలన్నీ ఎవరివి వాళ్ళ చేలకు వెళ్ళిపోయాక, బుడాన్ ఎకరం పావులో మిగిలినవి పదకొండు. అన్నీ వాన పడి పని లేని రోజుల్లో తీసినవి.

"ఊరందరికీ పంచిపెట్టి మనకి పదకొండు ఉంచాడు" అంది జైతున్‌బీ. అందరికన్నా ఎక్కువ నవ్వింది బుడానే.

ఈసారి తన చేను కూడా కొసదాకా నడవాలనుకున్నాడు. అనుకుంటూనే రెండు పంటలు ఊరివాళ్ళ చేలల్లో గడిచిపోయాయి. మొన్న తొలకరికి ముందు, ఒక పొద్దున తువ్వాలు తడుపుకుని బయల్దేరబోతూ గుమ్మంలో కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. అన్ని చేలవాళ్ళూ వచ్చారు. కల్లంలో కలిసి తాలు ఏరినట్టే బుల్లయ్య పాడె పక్కన మడమల మీద కూర్చుని, సాయంత్రం దాకా కదల్లేదు.

ఫోన్ ఇప్పుడు జైతున్‌బీ దగ్గర ఉంది. అప్పుడప్పుడూ టింగుమంటుంది. లక్ష్మీదుర్గ చేలో ఎప్పుడో తీసిన గోధుమరంగు రెక్కల పురుగుకి, ఎక్కడో ఎవరో ఇప్పుడు పేరు కనుక్కుని పెట్టి ఉంటారు. ఇంగ్లీషులో ఉన్న ఆ పేరు చదవడం ఆమెకు రాదు. అయినా ఫోటో పెద్దది చేసి, మూలన ఆయన బొటనవేలు పడిందేమో చూస్తుంది. చాలావాటిలో పడింది.

పోయిన వారం బెండలు కోస్తుంటే ఆకు చాటున ఒక పచ్చ గొల్లభామ, ముందు కాళ్ళు జోడించి నిలబడి ఉంది. జైతున్‌బీ బుట్ట దించి, కొంగుతో ఫోన్ తుడిచి, ఫోటో తీసింది. మొదటిదాంట్లో బెండకాయే వచ్చింది. రెండోదాంట్లో గొల్లభామ వచ్చింది. యాప్ మ్యాపు తెరిచి, ఎక్కడ చూశారని అడిగింది. రోడ్డు, కాలువ, గేదెను కట్టే రాయి, ఎకరం పావు.

చుక్క ఎక్కడ పడాలో అక్కడే పడింది. ఆమె వేలు పెట్టి జరపలేదు. పన్నెండు అనుకుని, బెండలు కొయ్యడానికి వంగింది.